హెచ్-సూచిక ఎలా పెరుగుతుంది?

పిల్లలూ! క్రికెట్ ఆటగాడు ఎన్ని పరుగులు తీశాడో మీరు ఇట్టే చెప్పేస్తారు. మరి శాస్త్రజ్ఞుని పనికి లెక్క ఏమిటి?

శాస్త్రజ్ఞుడు తన పరిశోధనను వ్యాసంగా ప్రకటిస్తాడు. దానిని ఆధారం చేసుకొన్న మరొకరు, తమ వ్యాసంలో ఆ సంగతి పేర్కొనాలి. ఇలా పేర్కొనడమే ఉల్లేఖనం. ఈ ఉల్లేఖనాల నుంచి ఒక్క సంఖ్యను రాబట్టే పద్ధతిని 2005లో అమెరికాలోని భౌతికశాస్త్రజ్ఞుడు హోర్హె హిర్ష్ సూచించారు. అదే హెచ్-సూచిక.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒకాయన వ్యాసాలు అయిదు. వాటికి వచ్చిన ఉల్లేఖనాలు వరుసగా 10, 6, 4, 3, 1 అనుకుందాం. కనీసం మూడేసి వచ్చిన వ్యాసాలు మూడున్నాయా? ఉన్నాయి. నాలుగేసి వచ్చినవి నాలుగున్నాయా? లేవు, మూడే. కాబట్టి ఆయన సూచిక 3.

నాలుగో వ్యాసానికి ఇంకొక్కటి వస్తే చాలు, సూచిక 4 అవుతుంది. మరి 5 కావాలంటే? అయిదు వ్యాసాలూ అయిదేసి అందుకోవాలి. మూడోదానికి 1, నాలుగోదానికి 1, అయిదోదానికి 4, మొత్తం 6 కావాలి! పైకి వెళ్ళేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుందన్నమాట. సూచిక 10 కావడానికి కనీసం 100 ఉల్లేఖనాలు, 20 కావడానికి కనీసం 400 ఉండాలి.

అయినా అది ఏళ్ళతోపాటు పెరుగుతుంది. ఎందుకంటారా? ఒకామె ఏటా 2 వ్యాసాలు వ్రాస్తుంది, ప్రతి వ్యాసానికీ ఏటా 2 ఉల్లేఖనాలు వస్తాయనుకోండి. పదేళ్ళు గడిచేసరికి, మొదటి అయిదేళ్ళలో వ్రాసిన 10 వ్యాసాలకూ కనీసం పదేసి వచ్చి ఉంటాయి. సూచిక 10. ఇరవై ఏళ్ళకు ఎంతో మీరే కట్టి చూడండి, 20 వస్తుంది. ఇరవై ఏళ్ళకు 20 ఉంటే మంచి శాస్త్రజ్ఞుడనీ, 40 ఉంటే అసాధారణమనీ హిర్ష్ అన్నారు.

పరీక్షలో మార్కులు తగ్గవచ్చు గాని, ఈ సంఖ్య తగ్గదు. వ్రాయడం మానేసినా పాత వ్యాసాల బలంతో పెరగవచ్చు కూడా. కొన్నిచోట్ల ఉద్యోగాలిచ్చేటప్పుడు దీనిని చూస్తారు. పాతికేళ్ళ యువకుణ్ణీ, అరవై ఏళ్ళ పెద్దాయననూ ఈ సంఖ్యతో పోల్చడం నాకైతే అన్యాయమనే తోస్తుంది. నిన్న జట్టులో చేరినవాడి మొత్తం పరుగులను ఇరవై ఏళ్ళు ఆడినవాడి పరుగులతో పోలుస్తామా? అందుకే సూచికను పనిచేసిన ఏళ్ళతో భాగించి చూడమని హిర్షే చెప్పారు.

మరో చిక్కు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్‌ను రంగు సాయంతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1948లో ఆయన కన్నుమూశాక కూడా దశాబ్దాల తరబడి ప్రయోగశాలల్లో ఆ పద్ధతినే వాడారు, ఆ వ్యాసాన్ని వేలసార్లు ఉల్లేఖించారు. కాని హెచ్-సూచిక లెక్కలో అది ఒక్క వ్యాసమే.