మీకు తెలుసా? విత్తనం లోతును యంత్రమే చూసుకుంటుంది

అమెరికాలో మొక్కజొన్న విత్తనాన్ని సాధారణంగా 5 సెంటీమీటర్ల లోతున వేస్తారు. పైపైన పడితే వేళ్లు సరిగా పాతుకోవు. మరీ లోతైతే మొలక ఆలస్యమవుతుంది. వెనకబడిన మొక్కలు పక్క మొక్కల నీడలో పడటంతో వాటి కంకులు చిన్నవవుతాయి.

విత్తనాలు వేసే యంత్రమైన ప్లాంటర్‌లో ప్రతి వరుసకూ రెండు డిస్కులు ‘వి’ ఆకారంలో సాలు తెరుస్తాయి. పక్కనే నేలపై దొర్లే గేజ్ చక్రాలు ఆ డిస్కులు ఎంత లోతు దిగాలో నిర్ణయిస్తాయి. గట్టి నేలలో బరువు చాలకపోతే డిస్కులు పైకి తేలుతాయి. మెత్తని నేలలో బరువు ఎక్కువైతే సాలు అంచులు బిగుసుకుపోయి వేళ్లు పక్కలకు సాగలేవు.

పాత యంత్రాల్లో డిస్కులను కిందికి నొక్కే ఈ ఒత్తిడిని స్ప్రింగులతో ముందే బిగించేవారు. నేల స్వభావం మారినప్పుడు ట్రాక్టరు ఆపి సరిచేయాల్సి వచ్చేది. ఇప్పుడు గేజ్ చక్రాలపై పడే బరువును సెన్సర్ ఎప్పటికప్పుడు కొలుస్తుంది. ఆ బరువు నిలకడగా ఉండేలా హైడ్రాలిక్ సిలిండర్ ప్రతి వరుసనూ విడిగా నొక్కుతుంది, అవసరమైతే పైకి ఎత్తుతుంది.

కొన్ని కొత్త ప్లాంటర్లు సాలులోని తేమనూ కొలుస్తాయి. పైమట్టి ఎండి ఉంటే గేజ్ చక్రాల ఎత్తును మోటారు మార్చి, విత్తనాన్ని తేమ అందే లోతుకు దించుతుంది.