ఫ్లోరైడ్ నీళ్లు మెరుస్తాయా?

మా అమ్మాయి ఏడో తరగతి. సైన్స్ ప్రాజెక్టు కోసం మొన్న వంటింట్లో లైట్లన్నీ ఆర్పేసి, టానిక్ వాటర్ సీసా మీద యూవీ టార్చి వేసింది. మామూలు నీళ్లలా ఉన్నది కాస్తా నీలంగా వెలిగింది. నోట్‌బుక్‌లో "ఫ్లోరెస్" అనే క్రియ రాసుకుని అడిగింది: "అమ్మా, అమ్మమ్మ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నావుగా. అవీ ఇలాగే మెరుస్తాయా?"

మాది నల్లగొండ జిల్లా. మా అమ్మ వీడియో కాల్‌లో నవ్వినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, పళ్ల మీది గోధుమరంగు మచ్చలు కనబడకుండా. అందుకే ఆ ప్రశ్నకి నవ్వి ఊరుకోలేకపోయాను. ఎప్పుడో చదివిన బీఎస్సీ కెమిస్ట్రీని బయటికి తీశాను.

ఈ మాటకు మూలం లాటిన్‌లో "పారడం" అనే క్రియ. మెరుపుతో సంబంధమే లేదు! లోహం తీసే కొలిమిలో ఒక రకం రాయి వేస్తే లోపలి మడ్డి తేలిగ్గా కరిగి పారేది. అందుకే దానికి ఫ్లోర్‌స్పార్ అని పేరు. ఆ రాయి నుంచే ఫ్లోరిన్ అనే మూలకానికి పేరొచ్చింది. ఆ రాయిలో కొన్ని రకాలు కంటికి కనిపించని కిరణాలు పడితే వెలుగుతాయి. క్వినైన్ ద్రావణం కూడా అంతే. దాని మీద పరిశోధన చేసిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త స్టోక్స్, 1852లో ఆ వెలుగుకు రాయి పేరు మీదుగానే "ఫ్లోరెసెన్స్" అని పేరుపెట్టాడు. క్రియ ఆ తర్వాత పుట్టింది.

టానిక్ వాటర్‌లో ఉన్నదీ క్వినైనే. అది యూవీని మింగి, అందులో కొంత శక్తి పోగొట్టుకుని, మిగిలింది నీలి వెలుగుగా వదులుతుంది. టార్చి ఆపితే వెలుగూ ఆగిపోతుంది. పిల్లల గదుల్లో లైటు తీసేశాక కూడా మెరిసే నక్షత్రాల స్టిక్కర్లది వేరే సంగతి, దాని క్రియ ఫాస్ఫరెస్. మన పుస్తకాల్లో ఫ్లోరెసెన్స్‌ను ప్రతిదీప్తి అంటారు. నాకైతే ఇంగ్లీషు మాటకన్నా ఇదే నచ్చింది, వెలుగుకి వెలుగే జవాబన్నట్టు.

ఇక నీళ్ల సంగతి. నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్ మెరవదు. రంగు లేదు, వాసన లేదు. మా బోరు నీళ్లు అద్దంలా ఉండేవి, వాటినే తాగి పెరిగాం. ఇక్కడ అమెరికాలో పళ్లు పుచ్చిపోకుండా కుళాయి నీళ్లలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేలా చూడమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. పళ్లు ఏర్పడే వయసులో ఎక్కువైతే మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి మరీ ఎక్కువగా ఒంట్లోకి పోతే ఎముకలు పట్టేస్తాయి.

ఊళ్లో మీ పెద్దవాళ్లు ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించమనండి. కాచి తాగుతున్నాంలే అంటారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఆదివారం అమ్మమ్మకి ఫోన్‌లోనే ఆ నీలి సీసా చూపించింది మా అమ్మాయి. "అబ్బో, దీపంలా ఉందే!" అని అమ్మ గట్టిగా నవ్వింది. కొంగు మాత్రం మామూలుగానే పైకి లేచింది.