పదవి గౌరవప్రదం.. బాధ్యత చట్టబద్ధం
కాలనీ, అపార్ట్‌మెంట్ సంఘాల కార్యవర్గాలు తెలుసుకోవాల్సిన సంగతులు

ఉప్పల్: ఆదివారం ఉదయం సెల్లార్‌లో నాలుగు వరుసల కుర్చీలు వేసి, చేతులెత్తించి అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారులను ఎన్నుకోవడం ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ ప్రాంతాల్లో పరిపాటి. జీతభత్యాలు లేని ఈ పదవులను తరచూ విశ్రాంత ఉద్యోగులే సేవాభావంతో మోస్తుంటారు. మోటారు కాలిపోయినా, వాచ్‌మన్ రాకపోయినా ముందు తలుపు తట్టేది వారిదే. అయితే సేవే కదా అని సంఘం పేరిట పెట్టే సంతకాన్ని చట్టం తేలిగ్గా తీసుకోదు.

పారిశ్రామికవాడల చుట్టూ లేఅవుట్లుగా మొదలైన కాలనీల్లో తర్వాతి కాలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. ఫలితంగా ఒకే వీధిలో రెండు రకాల సంఘాలు కనిపిస్తాయి. కాలనీ సంక్షేమ సంఘం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం-2001 కింద ఏర్పడే స్వచ్ఛంద సంస్థ. కనీసం ఏడుగురు ఉంటే నమోదు చేసుకోవచ్చు. అందులో చేరాలని ఎవరినీ బలవంతపెట్టలేరు. ఫ్లాటు యజమానుల సంఘం సంగతి వేరు. దానికి 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కూడా వర్తిస్తుంది. ఫ్లాటుతో పాటే ఉమ్మడి స్థలంలో అవిభక్త వాటా, దానితోపాటు నిర్వహణ ఖర్చులో భాగమూ వస్తాయి. ఈ తేడా తెలియకపోవడం వల్లనే సగం తగాదాలు పుడుతున్నాయి.

కాలనీ సంఘాలు ఎక్కువగా పొరపడేది రోడ్లు, పార్కుల విషయంలో. ఆమోదిత లేఅవుట్‌లో వాటిని ప్రజావసరాలకు స్థానిక సంస్థకు అప్పగించాలి. సంఘం వాటిని కాపాడవచ్చు, మొక్కలు పెంచవచ్చు. గేటు పెట్టి తాళం వేయడానికి, పార్కు మూలన ఫంక్షన్ హాలు కట్టి అద్దెకివ్వడానికి అధికారం లేదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు కేటాయించడాన్ని 1991లో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. ప్రభుత్వానికే లేని వెసులుబాటు కాలనీ తీర్మానంతో రాదు. ఆపై అటువంటి నిర్మాణం కూల్చివేతకు గురైతే, చందాలిచ్చినవారు నిలదీసేది తీర్మానంపై సంతకం చేసినవారినే.

ఇక కాగితాల సంగతి. నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. రిజిస్ట్రేషన్ పత్రానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి జాబితా ఇవ్వని సంఘాలు ఉంటాయి. గొడవ లేనంతకాలం ఇది బయటపడదు. రెండు వర్గాలు తామే అసలు కార్యవర్గమని బ్యాంకుకు లేఖలిచ్చిన రోజున ఖాతా స్తంభిస్తుంది. అప్పుడు లిఫ్టు మరమ్మతుకైనా డబ్బు తీయలేరు. ఎవరి ఎన్నిక చెల్లుతుందో తేల్చే అధికారం రిజిస్ట్రార్‌కు లేదు. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వానికైనా వెళ్లాలి, జిల్లా కోర్టునైనా ఆశ్రయించాలి.

సద్భావంతో తీసుకున్న నిర్ణయానికి సాధారణంగా బాధ్యత సంఘానిదే. సంఘానికి సభ్యులతో సంబంధం లేని ప్రత్యేక ఉనికి ఉంటుంది. కానీ డబ్బు చేయి మారినచోట ఈ రక్షణ పనికిరాదు. నెలవారీ వసూళ్లను కోశాధికారి సొంత ఫోన్ నంబరుకు పంపించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. పైసా ముట్టకపోయినా లెక్క చూపలేకపోతే నమ్మకద్రోహం ఫిర్యాదును ఎదుర్కోవలసి రావచ్చు. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్ పరిధిలోకి వచ్చింది. సంఘం పేరిట ఖాతా, ఇద్దరి సంతకాలు, ఏటా ఆడిట్ ఉంటే నిజాయితీపరుడికే మేలు.

బకాయిదారుల ఇంటికి నీళ్లు, కరెంటు ఆపేయడం మరో పొరపాటు. కోపం సహజమే కావచ్చు గానీ ఆ పని చేసిన కార్యదర్శే ముద్దాయిగా నిలబడే ప్రమాదముంది. లిఖితపూర్వక నోటీసు, ఆపై సివిల్ దావా సరైన దారి. కాలపరిమితి మూడేళ్లు. ‘పోనీలే, ఇస్తాడులే’ అని అంతకు మించి ఊరుకుంటే పాత బాకీ చేజారుతుంది. గడువులోగా బకాయిదారు అప్పు ఉన్నట్లు రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది సెప్టిక్ ట్యాంకు, మురుగు చాంబర్ల దగ్గర. పూడిక తీయడానికి అడ్డాకూలీని పిలిచి, ఐదొందలిచ్చి లోపలికి దించే అలవాటు ఇంకా పోలేదు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా ఎవరినైనా అలా దించడం నేరం. తొలిసారికే రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే ఐదేళ్లు, రూ.5 లక్షలు. ఈ నిషేధం పురపాలక సంస్థలకే కాదు, పనికి పెట్టుకున్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. విషవాయువు సోకి మరణిస్తే ఆ కుటుంబానికి రూ.30 లక్షల పరిహారం అందాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆదేశించింది. జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేస్తే దొరికే యంత్రం ఖర్చును కూలీ ఖర్చుతో పోల్చడమే తప్పు.

జీఎస్టీ గురించి అపోహలెక్కువ. ఒక్కో సభ్యుడి నెలవారీ రుసుము రూ.7,500 మించి, సంఘం వార్షిక వసూళ్లు కూడా రూ.20 లక్షలు దాటితేనే 18 శాతం పన్ను ప్రశ్న తలెత్తుతుంది. చిన్న అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఈ బెడద ఉండదు.

కొత్త భవనాలవారు మాత్రం రెరా చట్టం-2016ను చదివి తీరాలి. ఉమ్మడి స్థలాలను బిల్డరు సంఘం పేరిట రిజిస్టరు చేయాలి. ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలను ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే సంఘమే రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. పాత కార్యవర్గం దిగిపోయేటప్పుడు తాళాలతో పాటు మంజూరైన ప్లాను, అగ్నిమాపక అనుమతి, లిఫ్టు నిర్వహణ ఒప్పందం, తీర్మానాల పుస్తకాలను జాబితా రాసి అప్పగించాలి. పుచ్చుకున్నవారు దానిపై తేదీ వేసి సంతకం చేయాలి.