పేరు తెచ్చిన పంట, పేరు నిలుపుకొన్న పంట: బోజొలే ద్రాక్షరైతుల అనుభవము

పంట పండించుట ఒక విద్య. పండిన పంటకు పేరు తెచ్చి, గిట్టుబాటు ధరకు అమ్ముకొనుట మరొక విద్య. ఈ రెండవ విద్యలో లోకమంతట పేరుపడి, ఆ పేరువలననే ఒకప్పుడు చిక్కులలో పడి, తిరిగి తేరుకొనుటకు పాటుపడుచున్న ఒక ప్రాంతపు రైతులను గూర్చి ఇచట తెలిసికొందము. ఆ ప్రాంతము ఫ్రాన్సు దేశములోని బోజొలే. అచటి పంట ద్రాక్ష. అమ్మెడి సరుకు వైను, అనగా ద్రాక్షరసమును పులియబెట్టి చేయు పానీయము. త్రాగుడును ప్రోత్సహించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. సరుకు ఏదైనను, దానివెనుక ఉన్న రైతు కష్టసుఖములు మనకు తెలియనివి కావు.

నేలకు తగిన రకము

లియాన్ నగరమునకు ఉత్తరముగా, సోన్ నదికి పడమట, సుమారు 55 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన కొండవాలు ప్రాంతమే బోజొలే. ఉత్తరభాగమున గ్రానైటు శిథిలమై ఏర్పడిన గరుకు ఇసుకనేలలు. దక్షిణభాగమున బంకమన్ను, సున్నపురాయి కలిసిన నేలలు. అచట పండించు ద్రాక్ష దాదాపు అంతయు ఒకే రకము. దాని పేరు గామే.

ఈ గామే రకమునకు ఒక చరిత్ర కలదు. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్, ఈ రకము విరివిగా కాయునే గాని దాని వైను మంచిది కాదని, తన రాజ్యములోని గామే తీగెలను పెరికివేయవలెనని ఆజ్ఞాపించెను. బర్గండీ సున్నపునేలలలో అది నిజమే కావచ్చును. కాని దక్షిణమున ఉన్న బోజొలే గ్రానైటు నేలలలో అదే రకము చక్కని సువాసన గల వైను నిచ్చినది. ఒకచోట పనికిరాదన్న విత్తు మరొకచోట బంగారము పండించుట మనమును ఎరుగుదుము. రకమును నిందించుటకు ముందు నేలను చూడవలెను.

ఇచటి రైతులు గామే తీగెను పందిరి మీదికి ప్రాకనీయక, పొట్టి మొదలు ఉంచి, పైకొమ్మలు గిన్నె ఆకారమున నిలుచునట్లు కత్తిరించుట వాడుక. పాతకాలపు తోటలలో హెక్టారునకు సుమారు 10,000 మొక్కలు ఉండును. భూస్వామి నేల నిచ్చి, రైతు పనిచేసి, పంటను చెరిసగము పంచుకొను పద్ధతి ఇచట చాలకాలము సాగినది. మన సంగోరు వంటిదే అది.

పురుగును జయించిన వేడినీరు

19వ శతాబ్ది ఆరంభమున ఒక రెక్కలపురుగు ఈ తోటలను పాడుచేసినది. దాని పిల్లపురుగులు చలికాలమంతయు తీగె బెరడులో దాగి, వసంతములో చిగుళ్లను తినివేసెడివి. రొమనెష్ గ్రామములో బెన్వా రాక్లే అను తోటయజమాని ఒక వింత కనిపెట్టెను. వంటయింటి వేడినీరు పారబోయుచోట నున్న ద్రాక్షతీగె మాత్రము పురుగు లేక పచ్చగా ఉండెను. అతడు చలికాలములో తీగెల మొదళ్లపై సలసల కాగు నీటిని పోసిచూచెను. బెరడులోని పురుగు చచ్చినది, తీగె బ్రతికినది. ఇరుగుపొరుగువారు మొదట నవ్విరి. పిమ్మట చిన్న బాయిలర్లను తోటలలోనికి తెచ్చుకొని తామును అట్లే చేసిరి. రాక్లే 1844లో మరణించెను. నేటికిని ఆ గ్రామస్థులు ఏటేట అతని పేర ఉత్సవము జరుపుదురు.

తరువాత అమెరికా నుండి వచ్చిన ఫైలాక్సెరా అను వేరుపురుగు ఫ్రాన్సు తోటలను సర్వనాశనము చేయసాగెను. అప్పుడు షిరూబ్ల్ గ్రామమునకు చెందిన విక్టర్ పుల్యా, ఆ పురుగును తట్టుకొనగల అమెరికా ద్రాక్ష మొదళ్లపై ఫ్రాన్సు రకములను అంటుకట్టవలెనని ఊరూర ప్రచారము చేసెను. విల్‌ఫ్రాన్ష్ పట్టణములో విక్టర్ వెర్మొరెల్ పిచికారీ యంత్రములను తయారుచేసి ప్రసిద్ధికెక్కెను. మన రైతులు ఎరిగిన బోర్డో మిశ్రమమును తోటలో చల్లుటకు అట్టి యంత్రములే సాధనములైనవి. పేరు గల ప్రతి పంట వెనుకను ఇట్టి పరిశోధన, పట్టుదల ఉండును.

వైను గుణము, తయారీ

బోజొలే వైను తేలికయైన ఎర్ర వైను. వగరు తక్కువ, పులుపు హెచ్చు, ఎర్రని పండ్ల సువాసన దాని లక్షణము. ఈ గుణము రకమువలన కొంత, తయారీవలన కొంత వచ్చును. ద్రాక్షను చేతితో కోసి, గుత్తులను చిదుపక, తొట్టెలో నింపుదురు. బరువునకు అడుగునున్న పండ్లు నలిగి, పులియుట ఆరంభించి, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువు తొట్టె అంతట నిండి గాలిని తరిమివేయగా, పైనున్న పండ్లు చిట్లకయే లోలోపల పులియును. అందువలన రంగు, వాసన దిగును గాని తొక్క, గింజలలోని వగరు ఎక్కువగా దిగదు.

అన్ని బోజొలే వైనులు ఒకటి కావు. ఉత్తరభాగమున పది ప్రాంతములకు తమ సొంత పేరుతో అమ్ముకొను హక్కు కలదు. ఫ్లూరీ వైను మృదువైనది. మోర్గాన్ వైను గట్టిది. ‘గాలిమర’ అను అర్థము గల మూలెన్-ఆ-వాన్ వైను అన్నిటికంటె బలమైనది. మంచి ఏడాది పంటయైనచో పదియేండ్లు దాటియు నిలువ ఉండును. ఈ పదింటిలో చివరిదైన రెన్యే గ్రామమునకు 1988లో ఆ హక్కు లభించెను.

భోజనముతో పొందిక

ముద్దపప్పునకు ఆవకాయ, గారెలకు పెరుగు ఎట్లు కుదురునో, అట్లే ఫ్రాన్సువారును ఏ వంటకు ఏ వైను అని లెక్క చూచుకొందురు. లియాన్ నగరపు వంటలలో పంది మాంసముతో చేయు ఎండు సాసేజీలు ముఖ్యము. ఆ కొవ్వును బోజొలే పులుపు విరిచి నోటిని తేటపరచును. కోడికూర, మేకపాల జున్ను కూడ దీనితో చక్కగా పొసగును. బలమైన మూలెన్-ఆ-వాన్ వేటమాంసమునకు, బాగుగా ఉడికిన మాంసపు కూరలకు తగును. తక్కిన ఎర్ర వైనులవలె గాక తేలిక బోజొలేను కొంచెము చల్లబరచి, 12-14 సెంటీగ్రేడు డిగ్రీలలో వడ్డింతురు.

పూర్వము లియాన్ పట్టు నేతగాండ్రు తెల్లవారుజామునుండి మగ్గముపై పనిచేసి, ఉదయమే సాసేజీలతో, ఈ వైనుతో ఫలహారము చేసెడివారు. అచటి పూటకూళ్ల ఇండ్లలో నేటికిని 46 సెంటీలీటర్ల దళసరి సీసాలలో దీనిని పోయుదురు. లియాన్‌కు రోన్, సోన్ గాక బోజొలే మూడవ నది అని ఆ ఊరివారు హాస్యమాడుదురు. దగ్గరి పట్టణమువారి భోజనములో చోటు సంపాదించుటయే ఈ పంటకు తొలి ప్రచారము.

‘కొత్త బోజొలే వచ్చినది’

ద్రాక్ష సెప్టెంబరులో కోయుదురు. మామూలుగా వైను అమ్ముడుపోయి చేతికి డబ్బు వచ్చుటకు నెలలు పట్టును. కాని ఈ తేలిక వైను కొన్ని వారములలోనే త్రాగుటకు సిద్ధమగును. 1951 నవంబరులో, డిసెంబరు నడిమివరకు ఆగనక్కరలేక కొత్త వైనును ముందుగనే అమ్ముకొనుటకు అనుమతి లభించెను. 1967లో నవంబరు 15 అని తేదీ స్థిరమైనది. 1985 నుండి నవంబరు మూడవ గురువారమే విడుదల దినము.

ఆ ఒక్క తేదీ ప్రచారమునకు ప్రాణమైనది. ‘కొత్త బోజొలే వచ్చినది’ అను అట్టలు ప్యారిసు హోటళ్ల కిటికీలలో వెలసెను. తొలి సీసాను లండన్‌కు ఎవరు ముందు చేర్తురో అని పందెములు జరిగెను. 1964లో వ్యాపారము స్థాపించిన జార్జ్ ద్యుబఫ్ పూలబొమ్మల చీటీలు అంటించి దీనిని దేశదేశములకు పంపెను. జపాను దీనికి పెద్ద గిరాకీదారైనది. బోజ్యూ పట్టణములో విడుదల ముందురాత్రి ద్రాక్షకొమ్మల దివిటీలతో ఊరేగి, అర్ధరాత్రి పీపాలు తెరతురు. పంటకోసిన రెండు నెలలకే రొక్కము చేతికి వచ్చుచుండగా ఏ రైతు వద్దనును?

ప్రచారము పంటను మించినప్పుడు

చిక్కు ఇచటనే వచ్చినది. గిరాకీ చూచి కొందరు దిగుబడిని పెంచిరి. పచ్చిదనము కప్పిపుచ్చుటకు చక్కెర చేర్చిరి. నాణ్యము తగ్గినది. కొన్నవాడు ఒక ఏడు మోసపోవును గాని ఏటేట మోసపోడు. 2001 పంటలో అమ్ముడుపోని సుమారు 1 కోటి లీటర్ల వైనును బట్టీపట్టి నిర్మూలించవలసి వచ్చినది. చవుక వైను అను అపకీర్తి మంచి వైను చేయువారిని కూడ అంటుకొన్నది. ఉత్తరపు పది ప్రాంతములవారు తమ సీసాలపై బోజొలే అను మాట కనబడకున్ననే మేలు అనుకొను స్థితి వచ్చినది. 1990 దశకమున 20,000 హెక్టార్లకు పైబడియున్న తోటలు నేడు 15,000 హెక్టార్లకు తక్కువే. ఎందరో రైతులు తీగెలను పెరికివేసిరి.

తిరిగి దారి చూపినవారు ప్రచారకులు కారు, పండించినవారే. వైను వ్యాపారియు రసాయనశాస్త్రము నెరిగినవాడును అయిన జూల్ షోవే బోధనలు విని, మోర్గాన్ గ్రామములో మార్సెల్ లాపియేర్, అతని మిత్రులు 1980 దశకమునుండి రసాయనములు తగ్గించి, ముదురు తీగెలను కాపాడి, చక్కెర చేర్చక, పండిన పండుతోనే వైను చేసిరి. మెల్లగా కొనువారు వారి గడపకు వచ్చిరి. ఇటీవల ఈ ప్రాంతమువారు తమ నేలలను కొండవాలు వెంబడి పరీక్షించి పటములు గీసిరి. 2018లో యునెస్కో బోజొలేను ప్రపంచ భూవారసత్వ ప్రాంతములలో చేర్చినది. నేడు వారు తేదీకంటె నేలను గూర్చి ఎక్కువగా చెప్పుకొందురు.

మనకు పనికివచ్చు మాట

ఊరి పేరుతో పంటను అమ్ముకొను హక్కును ఫ్రాన్సులో 1935 చట్టము ఏర్పరచినది. మన దేశములో 1999లో భౌగోళిక గుర్తింపు చట్టము చేయబడినది. బంగినపల్లి మామిడికి 2017లో, అరకు కాఫీకి 2019లో ఆ గుర్తింపు దొరకినది. ఆ గుర్తింపు ఏ ఒక్కరి సొత్తు కాదు. అది ఊరుమ్మడి చెరువు వంటిది. ఒకడు మురికి కలిపినచో అందరి నీరును చెడును. కాయ పక్వమునకు రాకముందే కోసి మంచిపేరుతో అమ్మువాడు ఆ నాటికి నాలుగు రూపాయలు గడించును గాని, మరుసటి ఏడు నష్టపోవువారు పొరుగువారందరును.

కావున రైతు సోదరులారా! పంటకు పేరు రావలెనన్న మొదట నేలకు తగిన రకము నెన్నుకొనుడు. కల్తీని, పచ్చికోతను గ్రామములోనే కట్టడి చేసికొనుడు. దగ్గరి పట్టణపు భోజనములో మీ సరుకునకు స్థానము సంపాదించుడు. ప్రచారము ఆ తరువాత. గ్రామోద్యోగులు ఈ సంగతులను రైతుల సమావేశములలో చర్చకు పెట్టినచో మేలు. ప్రచారము కొనువానిని ఒకసారి అంగడికి రప్పించును. అతడు రెండవసారి వచ్చునా రాడా అనునది సరుకు తేల్చును.