చలిలో మాటు వేసే ఒంటికి లోబట్ట

మాటు వేసి చేసే వేటలో శరీరం ఒకే పూటలో రెండు విరుద్ధమైన పరిస్థితులను తట్టుకోవాలి. తెల్లవారకముందే తుపాకీ, సంచి మోసుకుంటూ మంచులో గుట్ట ఎక్కుతుంటే ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. మంచె ఎక్కాక గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. నడకతో పుట్టిన వేడి అక్కడితో తగ్గిపోతుంది, చెమట మాత్రం బట్టలో ఉండిపోతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని ఒళ్లే ఇచ్చుకోవాలి. పైగా కదలని గాలితో పోలిస్తే నీటి గుండా వేడి ఇరవై రెట్లకు పైగా సులువుగా జారిపోతుంది. బనియన్ తడిసి వీపుకు అతుక్కున్నవాడు ఎంత మందపాటి కోటు తొడిగినా వణకడం ఇందుకే.

చలిదేశాల్లో దుస్తులను మూడు పొరలుగా వేసుకుంటారు. పై పొర గాలిని, మంచును ఆపుతుంది. నడిమి పొర గాలిని తనలో పట్టి ఉంచి వెచ్చదనాన్ని కాపాడుతుంది. ఒంటికి ఆనుకునే లోపలి పొర పని చెమటను చర్మం మీద నిలవనీయకుండా బయటి పొరలకు చేరవేయడం. ఈ పని సరిగా జరగకపోతే మిగతా రెండు పొరలకు పెట్టిన ఖర్చు చాలావరకు వృథా.

కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, స్కాండినేవియా దేశాల్లో లేళ్లు, దుప్పుల వేట శరత్కాలంలో, చలికాలంలో లైసెన్సులతో సాగుతుంది. భారతదేశంలో అది లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, కొన్ని ప్రత్యేక అనుమతులు మినహా, వేటను నిషేధించింది. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు 1967 నాటి ప్రకటన ఇచ్చిన వేట హక్కులను మాత్రం అదే చట్టంలోని 65వ సెక్షన్ కాపాడుతోంది. అయితే ఆ దీవుల్లో చలి అన్నదే ఉండదు. వేట లేకపోయినా నడిచి చెమటపట్టి, ఆపైన చలిలో కదలకుండా కూర్చోవలసిన మనుషులు మన దేశంలో చాలామందే ఉన్నారు. సరిహద్దుల్లో కాపలా కాసే జవాన్లు, రాత్రి గస్తీ తిరిగే అటవీ సిబ్బంది, పక్షుల ఫొటోల కోసం పొదల్లో పొంచి ఉండేవారు అందరికీ కావలసింది ఈ లోబట్టే.

అండమాన్‌లోని హాడో వాసులకు ఈ అవసరం అనుకోకుండా ఎదురవుతుంది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ పేటలో రేవు ఉంది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరతాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. ఏడాది పొడవునా ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగడమే అరుదు, ఏటా మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన, గాలిలో ఎప్పుడూ తేమ. ఇక్కడి ఇంట్లో పెట్టె తెరిస్తే కనిపించేవి నూలు బట్టలు, టెర్లిన్ చొక్కాలే. డిసెంబరులో చదువు కోసం ఢిల్లీ వెళ్లే కుర్రవాడో, విశాఖలో దిగి లంబసింగి చలి చూడబోయే కుటుంబమో, త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ నుంచి లడఖ్‌కు బదిలీ అయిన జవానో చలిబట్టలు కొనుక్కునేది ప్రయాణానికి ముందు. స్వెట్టర్ కొంటారు, జర్కిన్ కొంటారు. లోపల మాత్రం రోజూ వేసుకునే నూలు బనియనే ఉంటుంది.

వేడికి అలవాటుపడిన శరీరానికి మరో లక్షణం ఉంది. ఉక్కపోతలో శ్రమించడానికి అలవాటుపడినవారికి చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువగానూ పడుతుంది. ఒంటిని చల్లబరచుకోవడానికి శరీరం నేర్చుకున్న పద్ధతి అది. చల్లటి ప్రాంతానికి వెళ్లాక ఈ అలవాటు పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అంటే దీవి నుంచి చలిలోకి వెళ్లినవారికి తొలి రోజుల్లో, బరువు మోస్తూ నడిచినప్పుడు, చలిలో పుట్టి పెరిగినవారికన్నా లోబట్ట త్వరగా తడవవచ్చు. అక్కడివారికి సరిపోయిన బట్ట వీరికి చాలకపోవచ్చు.

నూలుతో వచ్చే చిక్కు ఇక్కడే. ఇరవై డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచినప్పుడు వంద గ్రాముల పొడి నూలు సుమారు ఎనిమిది గ్రాముల తేమను పట్టుకుంటుంది. పట్టు పదకొండు, విస్కోస్ పన్నెండు పదమూడు, నైలాన్ నాలుగు. పాలిస్టర్ అరగ్రాము కూడా పట్టదు, పాలీప్రొపిలీన్‌కు దాదాపు సున్నా. ఉన్ని ఏకంగా పదహారు గ్రాముల దాకా పీలుస్తుంది. ఈ లెక్కే కొలమానమైతే చలికి అన్నిటికన్నా పనికిరానిది ఉన్నే కావాలి. కానీ వెయ్యేళ్లకు పైగా చలిదేశాల దుస్తు అదే.

తేమ ఎంత పట్టిందన్నదానికన్నా ఎక్కడ నిలిచిందన్నది ముఖ్యం. ఉన్ని పోగు తేమను ఆవిరి రూపంలో లోలోపలికి తీసుకుంటుంది. పోగు పైపొర మాత్రం సన్నని కొవ్వు పూతతో నీటిని అంటనీయదు. తన బరువులో మూడో వంతు దాకా ఆవిరిని పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా తోచదు. పీల్చుకునే వేళ కొంత వేడిని కూడా విడుదల చేస్తుంది. ఉన్ని పోగులు సహజంగానే వంకీలు తిరిగి ఉంటాయి కాబట్టి తడిసినా పూర్తిగా అణిగిపోవు, వాటి మధ్య గాలి నిలుస్తుంది. నూలు పోగు తడిస్తే మెత్తబడి వాలిపోతుంది. గాలి ఉండవలసిన ఖాళీల్లో నీరు చేరి, బట్ట చర్మానికి అతుక్కుని, గంటల తరబడి ఆరదు. హాడో ఎండలో నూలు బనియన్ హాయినివ్వడానికీ, మంచు కొండ మీద ఒంట్లో వేడిని తోడేయడానికీ కారణం ఈ ఒక్క గుణమే.

అయితే ఉన్ని అంతా లోబట్టకు పనికిరాదు. పోగు మందం ముప్పై మైక్రాన్లు దాటితే దాని కొన వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది, దురద పుడుతుంది. మెరినో గొర్రెల సన్న ఉన్ని పదిహేడు నుంచి పందొమ్మిది మైక్రాన్లు ఉంటుంది కాబట్టి మెత్తగా ఒదుగుతుంది. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడి ఇందుకు భిన్నం. ముతక ఉన్ని కావడంతో అది పైన కప్పుకోవడానికే తగును. నెత్తి మీదుగా మడిచి కప్పుకుంటే వాననీ చలినీ చాలాసేపు ఆపుతుంది. కాపరికి పై పొరా, నడిమి పొరా అదే. కోస్తాలో పెంచే నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, జుత్తు మాత్రమే ఉంటుంది. కోస్తా నుంచి దీవులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో ఉన్ని వాడకం అలవాటు కాకపోవడానికి వాతావరణంతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు.

పాలిస్టర్ తానుగా నీటిని పీల్చదు. పోగుల మధ్య ఉన్న సన్నని సందుల వెంట చెమటను లాగి బట్ట బయటి వైపుకు పరుస్తుంది. అక్కడ అది త్వరగా ఆరిపోతుంది. ఆటగాళ్ల బనియన్లలో పోగును గాడులు పడేలా తయారుచేయడం, బట్టకు రసాయనపు పూత వేయడం ఈ పని కోసమే. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం కలిపే కండిషనర్ ఆ పోగుల మీద పొరలా పేరుకుని ఈ గుణాన్ని దెబ్బతీస్తుంది. గుట్టలెక్కుతూ ఎక్కువగా నడిచేవారికి పాలిస్టర్, ఎక్కువసేపు కూర్చునేవారికి మెరినో నప్పుతాయి. రెండూ కలిపి నేసిన బట్ట గట్టిగా ఉండి ఎక్కువకాలం మన్నుతుంది.

వేటగాడికి మెరినో మీద మొగ్గు ఉండడానికి వాసన కూడా కారణం. చెమట వాసన పుట్టించే సూక్ష్మజీవులు పాలిస్టర్ మీద బాగా పెరుగుతాయి. ఉన్ని మీద ఆ వాసన చాలా తక్కువ, రోజుల తరబడి ఉతకకుండా తొడిగినా భరించవచ్చు. అయినా లేడి ముక్కు నుంచి మనిషి వాసనను పూర్తిగా దాచగల బట్ట లేదు, గాలి వాటం చూసుకుని కూర్చోవలసిందే.

చలిమంట దగ్గర గడిపేవారు మరొకటి గమనించాలి. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, పాలిస్టర్ 250 డిగ్రీలు దాటాక. నిప్పురవ్వ పడితే అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఉన్ని కరగదు, బొగ్గై రాలిపోతుంది. ఇరాక్‌లో కాలిన గాయాలు చూశాక అమెరికా మెరైన్ దళం 2006లో, శిబిరం దాటి వెళ్లే సైనికులు ఇలాంటి సింథటిక్ బట్టలు తొడగరాదని ఆదేశించింది.

పట్టు తేలికైనది, ఒంటికి సుఖమైనది. జార్జ్ మాలరీ భౌతికకాయం 1999లో ఎవరెస్టు మీద దొరికినప్పుడు, 1924 నాటి ఆ దుస్తుల్లో పట్టు, నూలు, ఉన్ని పొరలు కనిపించాయి. పట్టు ఖరీదు ఎక్కువ, చెమటకు త్వరగా పాడవుతుంది. వెదురు బట్టగా అమ్మేది చాలావరకు విస్కోసే, చలిలో అది నూలుకు దగ్గరగా ప్రవర్తిస్తుంది.

మందాన్ని చదరపు మీటరుకు గ్రాముల్లో చెబుతారు. 150 గ్రాములది నడకకు, 200 గ్రాములది చాలా సందర్భాలకు, 250 పైబడినది కదలకుండా కూర్చునేవారికి. బట్ట ఒంటికి ఆనుకుని ఉండాలి, బిగించకూడదు. నార్వే సైనికాధికారి హెన్రిక్ బ్రున్ 1933లో చేపల వలతో బనియన్ కుట్టించాడు. ఆ వల కన్నుల్లో గాలి నిలిచి వెచ్చగా ఉంచుతుంది, చెమటకు దారీ దొరుకుతుంది. ఆ నమూనా నేటికీ అమ్ముడవుతోంది.

ఏ బట్టయినా కొండ ఎక్కాక కొంతైనా తడుస్తుంది. అందుకే సంచిలో పొడి లోచొక్కా ఒకటి ఉంచుకుని, మంచె చేరగానే మార్చుకోవడం మంచిది. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించేంత తక్కువ దుస్తులతో నడక మొదలుపెడితే చెమట కూడా తగ్గుతుంది.

తిరిగి వచ్చాక హాడో తేమలో ఈ బట్టలను దాచడం మరో పని. చెమట మరకలున్న ఉన్నిని పురుగు ముందు కొరుకుతుంది కాబట్టి, గోరువెచ్చని నీటిలో పిండకుండా ఉతికి, నీడలో పరిచి, పూర్తిగా ఆరాకే గాలి చొరని సంచిలో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. నూలుకు, విస్కోస్‌కు ఇక్కడి వానకాలంలో బూజు పడుతుంది. పాలిస్టర్‌ను పురుగు సాధారణంగా ముట్టదు, మురికి లేకుంటే బూజూ పట్టదు. ఏడాదికి ఒకసారి మాత్రమే చలికి వెళ్లే కుటుంబానికి ఈ ఒక్క కారణం చాలు, దాన్ని ఎంచుకోవడానికి.