గుంట చెప్పే గట్టిదనం

ఆర్మూరు దిక్కు పసుపు ఉడకబెట్టేటప్పుడు మొద్దు పుల్ల గుచ్చి చూస్తరు. దిగితే ఉడికినట్టే. లోహాలకూ ఇదే పరీక్ష. 1900లో స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ ఉక్కు గుండుతో నొక్కి చూపిండు. వికర్స్ పద్ధతిలో వజ్రపు మొన.

మెల్లగా నొక్కితే స్ఫటికంలోని పరమాణువుల వరుసలు కొంచెం కదిలి, వదలగానే మళ్లీ మొదటి చోటికి వస్తయి. ఇది స్థితిస్థాపక మార్పు. హద్దు దాటితే వరుసలు జారుతయి, ఇక తిరిగి రావు. ఇది ప్లాస్టిక్ మార్పు. అయితే వరుస మొత్తం ఒక్కసారే జారదు. మనం పెద్ద జంపఖానాను గుంజలేక, ఒక ముడత చేసి అవతలి అంచుదాకా తోస్తం గదా, అట్లనే. (నాకైతే మొదట నమ్మబుద్ధి కాలేదు.)

మొన ఎత్తగానే గుంట కొంత పైకి లేస్తది, లోతు తగ్గుతది. కర్ణాలు మాత్రం అంతగా తగ్గవు. వికర్స్ పరీక్షలో సూక్ష్మదర్శినితో కొలిచేది వాటినే.