రోగి చరిత్ర - కంప్యూటర్ సేవ

రోగిని పరీక్షించడానికి దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అనే మూడు మార్గాలను ఆయుర్వేదం నిర్దేశించింది. చూచి, తాకి తెలుసుకోవడం వైద్యుని నేర్పుపై ఆధారపడుతుంది. అడిగి తెలుసుకోవడం మాత్రం రోగి జ్ఞాపకశక్తిపై కూడా ఆధారపడుతుంది. నిరుడు వాడిన మందు పేరేమిటో, ఏ మందు తనకు పడలేదో చాలామందికి గుర్తుండదు. స్పృహ తప్పిన రోగి అసలే చెప్పలేడు. ఈ లోటును తీర్చడానికి తోడ్పడేదే రోగుల వివరాలను భద్రపరచే సాఫ్ట్‌వేర్.

హైటెక్ సిటీకి చేరువలో ఉన్న చందానగర్ వంటి ప్రాంతాలలో దీని అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. శేరిలింగంపల్లి పురపాలక సంఘంలో ఉండిన ఈ ప్రాంతం 2007లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైంది. ఐటీ సంస్థలు విస్తరించడంతో పలు జిల్లాల నుండి, రాష్ట్రాల నుండి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చి చేరాయి. ఉద్యోగం మారితే ఇల్లు మారుతుంది. ఇల్లు మారితే వైద్యుడూ మారతాడు. తరతరాలుగా ఒకే కుటుంబాన్ని ఎరిగిన వైద్యుడు అక్కడ అరుదు. పాత చీటీలు, ఎక్స్‌రేలు ఏ పెట్టె అడుగునో ఉండిపోతాయి.

ఈ విధానంలో ఆసుపత్రికి మొదటిసారి వచ్చిన రోగికి ఒక గుర్తింపు సంఖ్యను కేటాయిస్తారు. వయస్సు, రక్తవర్గం, పూర్వవ్యాధులు, పడని మందులు, పరీక్షల ఫలితాలు ఆ సంఖ్య కింద చేరుతూ ఉంటాయి. పెన్సిలిన్ పడని వ్యక్తికి పొరపాటున ఆ మందు రాస్తే, తగిన ఏర్పాటున్న సాఫ్ట్‌వేర్ వెంటనే హెచ్చరిస్తుంది. మధుమేహ రోగి రక్తంలోని చక్కెర కొన్నేళ్లుగా ఎలా మారుతున్నదో రేఖాచిత్రంగా చూపుతుంది.

అయితే ఒకరు 'మధుమేహం' అనీ, మరొకరు 'షుగర్' అనీ రాస్తే కంప్యూటర్ వాటిని రెండు వేర్వేరు వ్యాధులుగా భావించవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధులకు సంకేతాలను రూపొందించింది. పదవ వర్గీకరణలో రెండవ రకం మధుమేహానికి 'ఇ11' అనేది సంకేతం. భాష ఏదైనా ఈ గుర్తు మారదు.

రోగి సమస్యల వారీగా వివరాలను క్రమబద్ధంగా రాయాలని అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లో ప్రతిపాదించాడు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2013లో ఇందుకు ప్రమాణాలను ప్రకటించి, 2016లో సవరించింది. డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 'ఐ స్మార్ట్' అనే సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా రూపొందించుకొన్నది. 2018 నాటికే 20 లక్షలకు పైగా రోగుల వివరాలు అందులో చేరాయి. అవి చికిత్సకే కాక, నేత్రవ్యాధుల తీరును గురించిన పరిశోధనకూ ఉపకరించాయి.

ఒక ఆసుపత్రిలోని వివరాలు మరొక ఆసుపత్రికి అందాలనే ఆశయంతో 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. ఇందులో చేరదలచినవారికి 'ఆభా' అనే 14 అంకెల సంఖ్య లభిస్తుంది. రోగి సమ్మతిస్తేనే అతని వివరాలు మరొక వైద్యునికి అందాలనేది దీని మూలసూత్రం.

ఈ సూత్రం ఎంతో విలువైనది. క్షయ, మానసిక వ్యాధి, గర్భధారణ వంటి విషయాలు ఇతరులకు తెలిస్తే ఉద్యోగానికీ, వివాహానికీ, గౌరవానికీ భంగం కలుగవచ్చు. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు, సిబ్బంది కొన్ని రోజులపాటు మళ్లీ కాగితాలను ఆశ్రయించవలసి వచ్చింది. మరుసటి ఏడాది వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. కాని సంకేతపదాన్ని అందరికీ చెప్పే అలవాటు మానకపోతే ఏ చట్టమూ పూర్తిగా రక్షించలేదు.

మరొక ప్రమాదమూ ఉంది. ఒకసారి తప్పుగా నమోదైన రక్తవర్గం ప్రతి వైద్యుని ముందూ సత్యంగానే నిలుస్తుంది. యంత్రం మరచిపోదు, కాని తనకు చెప్పినది నిజమో కాదో తానుగా నిర్ణయించలేదు. కనుక వివరాలను నిజాయితీగా చెప్పడం రోగి ధర్మం, సరిచూచి రాయడం సిబ్బంది ధర్మం, గుప్తంగా ఉంచడం వైద్యశాల ధర్మం. ఈ మూడూ నెరవేరిననాడే ఆ సాఫ్ట్‌వేర్ రోగికి నిజమైన అండ అవుతుంది.